కాఫీసేపటి బుడగలు

ఫిన్లాండు ఉత్తరాన ఒక ఉక్కు కర్మాగారపు ఊళ్ళో ఇద్దరు పొరుగువాళ్ళు ఏళ్ళతరబడి "ఊఁ" అని మాత్రమే పలకరించుకునేవారట. ఒకరోజు ఒకాయన "ఊఁ, చలి" అన్నాడు. వీడెక్కడి వాగుడుకాయరా అని రెండో ఆయన ఇల్లు మారిపోయాడట. నమ్మితే నమ్మండి.

ఆ ఊళ్ళోనే ఉండే రైలి అనే ఆవిడకి ఆ "ఊఁ" కూడా కరువే. భర్త పోయాక ఇంట్లో ఒక్కతే, కర్మాగారంలోనూ మేడమీది గదిలో ఒక్కతే. కరిగిన ఉక్కు గుండిగలో ఎటు సుడి తిరుగుతుందో, అడుగునుంచి వదిలిన గ్యాసు బుడగలు మురికిని ఎంతమేరకు పైన తెట్టులా తేలే చిట్టెంలోకి మోసుకుపోతాయో కంప్యూటర్లో లెక్కగట్టడం ఆమె పని. గ్యాసుతో ఉక్కుని గట్టిగా కలపడం అయ్యాక దాన్ని కట్టేస్తారనే ఆమె లెక్క. ఆ లెక్కలో మురికి మిగులుతోంది. అసలు ఉక్కేమో కడిగిన ముత్యంలా వస్తోంది. శుక్రవారంలోగా రెండూ కుదరకపోతే గదికి తాళం, రైలి ఇంటికి. ఆ ఇంట్లో పగళ్ళు కూడా ఎలా గడపాలన్నదే ఆమె భయం.

లెక్కలో బుడగల సైజు మార్చింది. గుండిగ గోడల అరుగుదల కలిపింది. ఉహుఁ. గురువారం ఇక ఉండబట్టలేక కిందికి దిగింది. పనివాళ్ళందరూ కాఫీ బల్ల చుట్టూ ఉన్నారు.

"అరె, కంప్యూటరమ్మ! మా ఉక్కు మరీ శుభ్రంగా ఉందని తిట్టడానికొచ్చావా?" అన్నాడు గుండిగలు చూసే ఓస్మో.

"కాఫీ ఉందా?" అంది రైలి. ఎవరో జరిగి చోటిచ్చారు.

కప్పు నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. కిటికీ అద్దం అవతల గుండిగలో ఉక్కు ఇంకా మెల్లగా కదులుతోంది.

"గ్యాసు కట్టెయ్యలేదేం, ఓస్మో?"

"కాఫీ అయ్యేదాకా సన్నగా వదిలేస్తాం. మా నాన్న కాలంనుంచీ అంతే. ఉక్కుకి మాత్రం విశ్రాంతి వద్దూ?"

"నాకెవరూ చెప్పలేదే!"

"నువ్వెప్పుడు కూర్చున్నావమ్మా, చెప్పడానికి?"

అందరూ నవ్వారు. రైలి కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా. కాఫీలాంటి కాఫీ తాగి ఎన్నాళ్ళయిందో.

కాఫీసేపు కలిపి లెక్క నడిపితే సాయంత్రానికి లెక్కలోని ఉక్కూ అసలు ఉక్కూ ఒకటయ్యాయి. కర్మాగారం పెద్దలు మెచ్చుకున్నారు. గది నిలిచింది. అంతటితో ఊరుకుంటే పెద్దలెందుకవుతారు? ఆ సన్నగ్యాసేదో యంత్రమే వదిలేలా చేయించి, ఇక ఇక్కడ పనిలేదని ఓస్మో బృందాన్ని ఊరవతలి షెడ్డుకి మార్చేశారు.

ఆ తర్వాతి సోమవారం ఈ సంగతి తెలియని రైలి అందరికీ బన్ను రొట్టెలు పట్టుకుని దిగివెళ్ళింది. బల్ల దగ్గర ఎవరూ లేరు. అద్దం అవతల బుడగలు అచ్చం ఆమె లెక్కప్రకారమే లేస్తున్నాయి. గ్యాసు ఆగేదాకా కూర్చుంది. తర్వాత రొట్టెల సంచీ తీసుకుని మెట్లెక్కింది.