హవల్లీలో ఒక ఉపన్యాసం

పుష్పలత పప్పులో ఇంకో చెంబు నీళ్లు పోసింది. హాల్లో మనుషులు పెరిగిన కొద్దీ పప్పు పలచబడుతోంది. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చి నెల దాటింది. మంగఫ్ నుంచీ సాల్మియా నుంచీ భర్త నాగేంద్రప్రసాద్‌కు తెలిసిన మగవాళ్లంతా వచ్చి హవల్లీలోని ఈ రెండు గదుల ఫ్లాట్‌లో చేరారు. పొద్దున లేస్తే రేడియో చుట్టూ కూర్చుంటారు. అమెరికా దిగుతుందా, ఇండియా విమానం కోసం అమ్మాన్ చేర్చే బస్సులెప్పుడు అని వాదించుకుంటారు. మధ్యమధ్యలో "టీ" అన్న ఒక్క మాట వంటింట్లోకి వచ్చి పడుతుంది.

పనిచేసే ఇంటి యజమానులు సౌదీకి పారిపోతే దిక్కులేక వచ్చిన రాయచోటి రెడ్డెమ్మ కూడా ఇక్కడే ఉంది. "చోటిచ్చినాం కదా, గిన్నెలు తోముతుందిలే" అని నాగేంద్రప్రసాద్ మొదటిరోజే తేల్చేశాడు. చోటు దొరికిన మగవాళ్లెవరూ ఏమీ తోమడం లేదు కదా అని పుష్పలతకు అప్పుడే తట్టింది.

పుష్పలత తిరుపతిలో ఫిలాసఫీ ఎం.ఏ. చేసింది. ఇక్కడ యూనివర్సిటీ ఫిలాసఫీ డిపార్ట్‌మెంట్‌లో టైపిస్టు. ఏ ప్రొఫెసర్ ఏ సదస్సుకు వెళ్లాడు, ఎవరి పుస్తకం వచ్చింది అని ప్రతి టర్ములోనూ డిపార్ట్‌మెంటు వేసే వార్తాపత్రికను టైపు చేసేది, వాక్యాలు దిద్దేది ఆమే. అందులో ఆమె పేరు ఏనాడూ రాలేదు. ఈ వేసవిలో మాత్రం డాక్టర్ సల్మా అనే పాలస్తీనా లెక్చరర్ పట్టుబట్టి, సెప్టెంబరు సెమినార్‌లో పుష్పలత ఉపన్యాసం పెట్టించింది. ఆ వార్తలో తన పేరు తానే టైపు చేసుకుంటూ పుష్పలత తడబడి అక్షరం తప్పు కొట్టింది. ఇంటికొచ్చి చెబితే, "నాకు చెప్తాండావు కదా ఫిలాసఫీ, చాలదా?" అని భర్త నవ్వాడు. ట్యాంకులు వచ్చాక, "ఇంక నీ డిపార్ట్‌మెంటు ఖలాస్" అన్నాడు. ఆ గొంతులో బాధకంటే నిశ్చింతే ఎక్కువ వినిపించింది.

ఆ సాయంత్రం సల్మా తలుపు తట్టింది. రెండు వీధుల అవతలే ఆమె ఇల్లు.

"క్యాంపస్ నిండా సైనికులు. సెమినార్ రేపు పొద్దున మా ఇంట్లో పెడదాం. డిపార్ట్‌మెంటు బతికే ఉందని మనకైనా తెలియాలి" అంది.

ఆమె వెళ్లగానే నాగేంద్రప్రసాద్ లేచాడు. "పిచ్చి పట్టిందా? మధ్యలో చెక్‌పోస్టు ఉంది. ఇంతమందికి వంటెవరు చేస్తారు?"

చెక్‌పోస్టు అన్నప్పుడు గొంతు మామూలుగానే ఉంది. వంట దగ్గరికొచ్చేసరికి పెరిగింది. మొన్న, ఆడవాళ్లనైతే ఆపరని, రొట్టెల కోసం అదే చెక్‌పోస్టు మీదుగా ఆమెనే పంపాడు.

"నువ్వు పో అక్కా. ఒక్కదానివే ఎట్ల పోతావు, నేనూ వస్తా" అంది రెడ్డెమ్మ.

పొద్దున్నే ఇద్దరూ వెళ్లారు. సైనికుడు వాళ్ల సంచిలో చెయ్యిపెట్టి చూసి, విసుగ్గా పొమ్మన్నాడు. సల్మా ఇంట్లో కిటికీలు మూసి, గొంతు తగ్గించి, పుష్పలత ఓర్పు గురించి మాట్లాడింది. విన్నది సల్మా, ఆమె తల్లి, ఊళ్లో చిక్కుకుపోయిన ఒక ముసలి ప్రొఫెసర్. రెడ్డెమ్మకు ఇంగ్లీషు రాకపోయినా కదలకుండా కూర్చుంది. చివర్లో ప్రొఫెసర్ అడిగాడు: "ఓర్పు మంచి గుణమని చెప్పేదెవరు? ఓర్చుకునేవాళ్లా, వేరేవాళ్లా?"

పుష్పలత ఆ ప్రశ్నను కాగితం మీద రాసుకుంది. ఆలోచించి చెబుతానంది. దారంతా అదే ఆలోచన.

ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. పొయ్యి వెలగలేదు. బియ్యం కడగలేదు.

"ఇంతమందిని పస్తు పెట్టి ఊరేగి వస్తాండావా!" అని నాగేంద్రప్రసాద్ అరిచాడు.

అందరిలోకీ పెద్దవాడు, అమలాపురం భీమరాజు, దిండుకు జారగిలబడి సర్దిచెప్పబోయాడు. "పోనిద్దురూ ప్రసాద్ గారూ. కష్టకాలం కదమ్మా, మీరే కొంచెం ఓర్చుకోవాలండీ."

వంటింటి వైపు వెళ్తున్న పుష్పలత ఆగిపోయింది. సోఫా మీద, చాపల మీద, గోడల వారగా అందరినీ చూసింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. రెడ్డెమ్మ చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టుకుంది.

"అన్నా, నన్ను ఓర్చుకోమన్నవాళ్లంతా ఇంతవరకూ కూర్చునే చెప్పినారు."

రేడియోలో ఎవరో అరబీలో గబగబా ఏదో చదువుతున్నారు.

"ఇకమీద మేమిద్దరం రోజుకొక పూటే వండుతాం. రెండో పూట మీది" అంది పుష్పలత. "ఈ పూట మీది."