వెనక్కి పరుగెత్తినవాడు

హెబ్లీ టౌన్ ఫుట్‌బాల్ జట్టుకి నార్మన్ హోల్‌రాయిడ్ పన్నెండేళ్ళు డిఫెండరుగా ఆడాడు. అదీ నాలుగో డివిజన్లో. దానికింద ఇంకో డివిజన్ ఉంటే హెబ్లీ టౌన్ అందులోనే ఉండేదని ఆ ఊరివాళ్ళే అంటారు. గోల్ కొట్టినవాణ్ణి భుజాల మీద మోస్తారు. గోల్ ఆపినవాణ్ణి మాత్రం ఎవరూ మొయ్యరు, ఆపకపోతే జీతం ఎందుకిస్తున్నట్టు అంటారు. నార్మన్‌కి ఆ న్యాయం అలవాటైపోయింది. పొద్దున్నే మోకాళ్ళకు పట్టీలు కట్టుకుని బురదలోకి దిగడం, ఎదుటివాడి మోచెయ్యి ముక్కుకు తగిలితే తుడుచుకుని మళ్ళీ లేవడం, ఇదే అతని ఉద్యోగం.

పక్కన డెనిస్ ప్లాట్ ఉండేవాడు. ఇద్దరిదీ ఒకే వయసు, ఒకే వీధి. వాళ్ళ పని తీరు చెప్పాలి. ఎదుటి జట్టువాడు బంతిని ముందుకు తన్నబోయే క్షణంలో డెనిస్ 'పైకి' అని కేకేస్తాడు. వరసలో ఉన్న డిఫెండర్లు నలుగురూ తమ గోల్‌ని వదిలేసి ఒక్కసారిగా ముందుకు ఉరుకుతారు, చెయ్యెత్తుతారు. వాళ్ళ వెనక మిగిలిపోయిన ఎదుటి ఆటగాడు ఆఫ్‌సైడ్. వాడు గోల్ కొట్టినా చెల్లదు. కానీ నలుగురిలో ఏ ఒక్కడు వెనకబడ్డా ఆ వల చిరిగిపోయినట్టే, వాడు దర్జాగా వెళ్ళి గోల్ కొట్టుకుంటాడు. అందుకని కేక వినగానే కదలాలి తప్ప వెనక్కి చూడకూడదు. భార్య బెరిల్ మాటకైనా నార్మన్ ఎదురు ప్రశ్న వేశాడేమోగానీ డెనిస్ కేకకు ఎన్నడూ వెయ్యలేదు.

నిరుడు మే నెలలో ఆఖరి మ్యాచ్. డ్రా అయితే చాలు, హెబ్లీ టౌన్ మూడో డివిజన్‌కి వెళ్తుంది. వాన కురుస్తోంది, నేల బురదగుంటలా ఉంది. ఇంకాసేపట్లో ఆట ముగుస్తుందనగా డెనిస్ కేకేశాడు. నార్మన్ ఉరికాడు, చెయ్యెత్తాడు. ఆఫ్‌సైడ్ అని చూపాల్సిన లైన్స్‌మన్ జెండా లేవలేదు. అప్పుడు తిరిగి చూశాడు. కేకేసిన డెనిస్ తానే కదలకుండా, భయపడ్డ గొడ్డులా వెనక బురదలో నిలబడి ఉన్నాడు. ఎదుటివాడు బంతితో అతని పక్కనుంచే వెళ్ళిపోయాడు.

మిగతా ఇద్దరూ చేతులెత్తి లైన్స్‌మన్ మీద అరుస్తున్నారు. నార్మన్ ఒక్కడే వెనక్కి పరుగెత్తాడు. గోల్ గీత మీద అడ్డం పడ్డాడు. బంతి అతని బూటుకి తగిలి మరీ లోపలికి పోయింది, దాంతోపాటే మూడో డివిజనూ పోయింది. ఈ లోపల డెనిస్ నాలుగడుగులు ముందుకొచ్చి తనూ చెయ్యెత్తాడు.

మర్నాడు ఊరి పేపర్లో ఫోటో పడింది. ముగ్గురు డిఫెండర్లు బళ్ళో పిల్లల్లా చేతులెత్తి నిలబడ్డారు. వాళ్ళకి ఎంతో వెనకాల, గోల్‌లో, బురదలో బోర్లాపడి నార్మన్. వెనకబడ్డది ఎవరో చెప్పడానికి పెద్ద చదువులు అక్కర్లేదు కదా. ఊరు ఫోటో చూసి తీర్పు చెప్పేసింది. కాపాడదామని పరుగెత్తిన పాపానికి దొంగ అయ్యాడు.

అంతకు ముందురోజే, మ్యాచ్ కాగానే, అందరూ కలిసి స్నానం చేసే పెద్ద తొట్టిలోంచి ఒక్కొక్కరే లేచి వెళ్ళాక డెనిస్ నార్మన్ పక్కకి జరిగాడు. మేనేజర్ మానేస్తున్నాడనీ, డైరెక్టర్ల కన్ను తన మీద ఉందనీ చెప్పాడు.

"ఈ సంగతి బయటపడితే నాకా కుర్చీ రాదురా నార్మ్. నువ్వు నోరు విప్పకు. నేను మేనేజర్నైతే కోచ్‌వి నువ్వే. ఒట్టు."

నార్మన్ చల్లబడిపోయిన నీళ్ళతో మోకాళ్ళ బురద కడుక్కున్నాడు.

"ఊరు ఏమన్నా పడతాలే. మా నాన్నకి మాత్రం నిజం చెప్పు. ఆయనొక్కడికి."

"నేనే ఇంటికెళ్ళి చెబుతా," అన్నాడు డెనిస్.

తనే చెప్పుకోవచ్చు కదా అని మీరంటారు. తప్పు పక్కవాడి మీదికి తోసేవాడంటే నార్మన్ తండ్రి ఆర్నల్డ్‌కి ఒళ్ళుమంట. తను చెబితే అది సాకు అవుతుంది, డెనిస్ చెబితే నిజమవుతుంది. అదీ అతని లెక్క.

ఆ తర్వాత ఏడాదంతా నార్మన్ పడని మాట లేదు. చేపలూ చిప్సూ కొనుక్కోవడానికి వరసలో నిలబడితే ముందున్నవాళ్ళు మెల్లగా చెయ్యెత్తేవాళ్ళు. బస్సు కండక్టర్ చెయ్యెత్తి, నవ్వి, ఆ తర్వాతే టికెట్ ఇచ్చేవాడు. నార్మన్ తనూ నవ్వేవాడు. గుచ్చుకున్నది ఒక్కటే. యుద్ధానికి ముందునుంచీ ప్రతి శనివారం గ్రౌండులో ఒకే కమ్మీని ఆనుకుని నిలబడ్డ ఆర్నల్డ్ ఆ మ్యాచ్ తర్వాత మళ్ళీ రాలేదు. నిజం తెలిసినా జనం మాటలు వినలేక రావడం లేదనుకున్నాడు నార్మన్. ఆదివారం భోజనాల దగ్గర తండ్రీకొడుకులు వానగురించీ, పావురాలగురించీ, పెరట్లో ఉల్లికాడలగురించీ మాట్లాడుకునేవారు. బంతి మాట ఎత్తేవారు కాదు. కోచ్ పని రానీ, నాన్నని ఆ కమ్మీ దగ్గర మళ్ళీ నిలబెడతానని రోజూ అనుకునేవాడు. ఆ ఆశతోనే ఏడాది నెట్టుకొచ్చాడు.

క్రిస్మస్ లోపలే డెనిస్‌కి మేనేజర్ కుర్చీ దక్కింది. కోచ్ సంగతి ఈ ఏటి ఆటలు ముగిశాక చూద్దామన్నాడు.

మళ్ళీ మే వచ్చింది. ఎవరిని ఉంచుకుంటారో, ఎవరిని పంపేస్తారో ఆటగాళ్ళని ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచి చెప్పే రోజు. బెరిల్ చొక్కా ఇస్త్రీ చేసిచ్చింది. కోచ్ అయ్యేవాడికి ఉండాలి కదా అని టై కూడా కట్టుకుని వెళ్ళాడు నార్మన్. డెనిస్ తలెత్తలేదు.

"బోర్డు వద్దంటోంది నార్మ్. ఆటకీ వద్దు, కోచ్‌గానూ వద్దు."

"ఎందుకని?"

"ఆ గోల్. నిన్ను ఉంచుకుంటే జనం ఊరుకోరట."

"ఏ గోల్, డెనిస్?"

డెనిస్ కిటికీలోంచి గ్రౌండు చూశాడు. "ఇప్పుడు నేనేం చెప్పగలనురా. నువ్వే అర్థం చేసుకోవాలి."

ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళని చూశాం. డెనిస్ వాళ్ళని మించినవాడు, తెప్పకే చిల్లుందని ఊరంతా నమ్మేలా చేసి మరీ తగలేశాడు. నార్మన్‌కి డెనిస్ ముందున్న బల్ల ఎత్తి కుదెయ్యాలనిపించింది. తలుపు మెల్లగా దగ్గరికి వేసి బయటికొచ్చాడు. పోనీలే, నాన్నకి నిజం తెలుసు అనుకున్నాడు. ఆ ఒక్కమాట పట్టుకునే సరాసరి ఆయన ఇంటికి నడిచాడు.

ఆర్నల్డ్ వంటింట్లో రొట్టెకి వెన్న రాస్తున్నాడు. కొడుకు మెడలో టై చూసి రెండో కప్పు తీశాడు. తీసేశారని నార్మన్ చెప్పాడు. ఆ గోలే కారణమట అని కూడా చెప్పాడు. ముసలాయన తలాడించాడు.

"అది ఎవరివల్ల వచ్చిందో నీకు తెలుసు కదా నాన్నా. డెనిస్ వచ్చి చెప్పాడు కదా."

"చెప్పాడు. నువ్వు కూర్చున్న కుర్చీలోనే కూర్చుని చెప్పాడు. మావాణ్ణి ఏమీ అనకండి, పాపం కాళ్ళు ఆడలేదు, ఎవరికైనా జరుగుతుంది అన్నాడు. కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాడు. మంచి కుర్రాడు."

నార్మన్ చేతిలోని కప్పు బల్లమీద పెట్టేశాడు. నమ్మి నానబోస్తే పుచ్చిబుర్రలైనట్టయింది.

"గోల్ పోతే పోయిందిరా," అన్నాడు ఆర్నల్డ్. "అంతకన్నా దరిద్రపు గోల్స్ చూశాను నేను. నువ్వు రాకుండా ఇంకొకణ్ణి పంపావే, అది మింగుడుపడలేదు నాకు. నార్మనే పంపాడండీ అన్నాడు వాడు. నీ తండ్రికి నీ నోటితో చెప్పుకోలేకపోయావా?"

అప్పుడు నార్మన్ తన నోటితోనే చెప్పాడు. డెనిస్ కేక, బురదలో కదలని కాళ్ళు, తొట్టిలో వేసిన ఒట్టు, ఏదీ దాచలేదు. చెబుతుంటే అతని గొంతు అతనికే సాకులు చెప్పేవాడి గొంతులా వినిపించింది. ఆర్నల్డ్ అంతా విన్నాడు. లేచి తన కప్పు కడిగాడు.

"నిన్నటిదాకా నీ స్నేహితుడే కదరా వాడు. ఇవాళ నిన్ను తీసేశాడు, ఇవాళే తప్పు వాడిదయింది."

"అబద్ధం చెప్పట్లేదు నాన్నా."

"టీ తాగు. చల్లారిపోతోంది."

నార్మన్ తాగలేదు. లేచి తలుపు దాకా వెళ్ళాడు. అక్కడ కొక్కేనికి ఆర్నల్డ్ పాత హెబ్లీ టౌన్ మఫ్లర్ వేలాడుతోంది. ఏడాదిగా పెట్టెలో ఉన్నది, కొత్తగా ఉతికారు.

"అన్నట్టు," అన్నాడు ఆర్నల్డ్ చేతులు తుడుచుకుంటూ, "ఆగస్టునుంచి మళ్ళీ గ్రౌండుకి వెళ్దామనుకుంటున్నా. మొన్న డెనిస్ కనబడి రమ్మన్నాడు. ఇక అక్కడ నువ్వుండవు కదా, నన్ను చూసి ఎవరూ చెయ్యెత్తరు."