చైనా సదస్సులో ప్రార్థన మనవి

కరీంనగర్‌లో చైనా మీద బహిరంగ సదస్సు అని పేపర్లో చూడగానే ఆశీర్వాదానికి ప్రాణం లేచి వచ్చింది. కూతురు బ్లెస్సీ చైనాలోనే డాక్టరు చదువుతోంది. చివరిసారి ఫోన్లో "జరం తగ్గుతలేదు బాపూ" అన్నది. ఆ తర్వాత మాటే లేదు. పంపిన ఏజెంటు ఫోనెత్తడు. ఎంబసీ నంబరు మోగి మోగి ఆగిపోతుంది. ఇంట్లో భార్య కమలవ్వ అన్నం ముట్టడం మానేసింది. చైనా తెలిసిన మనిషి ఒక్కడు దొరికితే చాలనుకుని ధర్మపురిలో బస్సెక్కాడు.

ఢిల్లీ నుంచి వచ్చిన ప్రొఫెసరు తెలుగాయనే. చైనా రాజకీయాలు, వ్యాపారాలు, సరిహద్దు తగాదాలు, చివరికి వాళ్లు టీ తాగే పద్ధతి కూడా వదలకుండా చెప్పాడు. ఆశీర్వాదానికి సగం తలకెక్కలేదు. అయినా ఆశ పెరిగింది. టీ సంగతి కూడా తెలిసిన మనిషికి తన బిడ్డ సంగతి తెలియదా?

ప్రశ్నలుంటే రాసివ్వమని ప్రవళిక అనే కాలేజీ అమ్మాయి చీటీలు పంచింది. ఆశీర్వాదం ఎరిగిన చీటీ ఒకటే, ఆదివారం చర్చిలో రాసిచ్చేది. దాన్ని పాస్టరు చదువుతాడు, సంఘమంతా తలవంచి ప్రార్థిస్తుంది. అలవాటు కొద్దీ అలాగే రాశాడు: "చైనాలో ఉన్న మా బిడ్డ బ్లెస్సీ ఆరోగ్యం కొరకు, ఫోను వచ్చుట కొరకు."

సభాధ్యక్షుడు మైకులో దాన్ని చదివాడు. ఆశీర్వాదం లేచి నిలబడి, చేతులు కట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"ఇందులో ప్రశ్న లేదు" అన్నాడు అధ్యక్షుడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రొఫెసరు మాత్రం మంచివాడు, ఊరుకోలేక చైనాలో ఇంటర్నెట్ మీద ఉన్న ఆంక్షల గురించి వివరించాడు. చప్పట్లు మోగాయి. ఆశీర్వాదం కళ్లు తెరిచేసరికి సెల్‌ఫోన్ల ధరల మీద ఇంకో చీటీ చదువుతున్నారు. ఇంతమందిలో ఒక్కరి తలా వంగి లేదు.

శాలువాలు కప్పడం అయ్యాక జనాన్ని తోసుకుని వేదిక దగ్గరికి పోయాడు.

"సారూ, నా బిడ్డ మంచిగున్నదని ఒక్క మాట అనుండ్రి. గా మాట ఇంటికి తీస్కపోత."

ప్రొఫెసరు అతని చేయి పట్టుకున్నాడు. "ఏ ఊళ్లో చదువుతోందండీ?"

ఆశీర్వాదం చెప్పాడు.

"ఆ ఊరు నేను చూడలేదు. అక్కడ నాకెవరూ తెలియదు. తెలియకుండా ఎలా అనను?"

బస్టాండులో కూచున్నాడో లేదో కమలవ్వ ఫోను.

"ఏమన్నడు సారు?"

"మస్తు చెప్పిండే. చైనా మొత్తం చెప్పిండు."

"మన పిల్ల ముచ్చట?"

"బస్సొచ్చింది, ఎక్కుతున్న" అన్నాడు ఆశీర్వాదం. ధర్మపురి బస్సు ఇంకా రాలేదు.