ఒక దినం లేటు గిటారు

శనివారం పొద్దున పదకొండయ్యేసరికి చిత్తూరులో గురప్ప మంచాల కొట్టు గిటార్ల కొట్టుగా మారిపోతుంది. మిగతా ఆరు రోజులూ గురప్ప మంచాలకు కోళ్లు బిగిస్తాడు, బీరువా తలుపులు సరిచేస్తాడు. శనివారం మాత్రం ఉలి తుడిచి పక్కన పెట్టి గిటార్లకు వైద్యం చేస్తాడు. పగిలిన పొట్టలు అతికిస్తాడు, వంగిన మెడలు నిలబెడతాడు. మద్రాసు నుంచి బెంగుళూరు దాకా ఎవరూ ముట్టుకోనన్న గిటార్లను బతికించిన చెయ్యి అది. ఒకసారి లారీ చక్రం కింద పడి అప్పడమైపోయిన గిటారును పదకొండు రోజుల్లో లేపి నిలబెడితే, అది మునుపటికంటే బాగా పలికిందట. దాని సొంతదారుడు తన రెండో గిటారును కావాలనే లారీ కింద పెట్టినాడని చిత్తూరులో ఎవరినడిగినా చెప్తారు.

ఆ కొట్టుకు తప్పకుండా వచ్చేవాళ్లు ఇద్దరు. ఒకడు వేంకటాచలపతి. తిరుపతిలో ఒక దేవస్థానం ఆఫీసులో గుమాస్తా. నుదుట నామం, ఇస్త్రీ చొక్కా, వీపున ప్లాస్టిక్ కవరు కూడా తీయని సరికొత్త గిటారు. ఏడాదికొకటి కొత్తది కొంటాడు, దాని మీద గీత పడితే అమ్మేస్తాడు.

రెండోవాడు జోయల్. బంగారుపాళ్యం దగ్గర హైవే పక్కన లారీలు తూచే కాటాలో పని. జోయల్ చెవి సంగతి చెప్పాలంటే ఒక పూట చాలదు. లారీ కాటా ఎక్కే చప్పుడు విని, కళ్లు మూసుకుని బరువు చెప్పేస్తాడు. తర్వాత మిషను కూడా అదే చెప్తుంది. ఒకసారి మిషను వేరే అంకె చెప్తే, రిపేరుకు పంపింది మిషనునే.

అంత చెవి ఉన్నవాడికి ఒక్క సుఖం లేదు. ఏ గిటారు పట్టుకున్నా రెండు వరుసలు వాయించేసరికి ఎక్కడో ఒక తీగ వెంట్రుకవాసి దిగినట్టు వినిపిస్తుంది. ఆపేస్తాడు. కీ తిప్పుతాడు. మొదటి నుంచి ఎత్తుకుంటాడు. మళ్లీ ఆపేస్తాడు. ఇది పనికిరాదని ఇంకోటి తెస్తాడు. అట్లా ఇంటి గోడకు పద్నాలుగు పాత గిటార్లు చేరాయి. ఇరవై రెండేళ్లలో ఆ పద్నాలుగింటి మీదా కలిపి జోయల్ ఒక్క పాట కొసదాకా వాయించలేదు.

"పద్నాలుగు మంది సవతుల దుమ్ము దులిపే యోగం నాకే పెట్టినాడు దేవుడు," అంటుంది భార్య కృపామణి, గుడ్డ తడిపి పిండుతూ.

క్రిస్మస్ తర్వాత వచ్చిన శనివారం చలపతి మొదలుపెట్టినాడు. "కొత్తది కొనప్పా జోయలూ. పెట్టె తెరిస్తే వార్నిష్ వాసన గుప్పుమంటాది. వారంటీ ఉంటాది. ఈ ముసలి చెక్కలెందుకు నీకు?"

"కొత్త చెక్క ఇంకా తాను చెట్టేననుకుంటా ఉంటాది చలపతీ. పాతది గిటారైపోయినానని ఒప్పుకొనుంటాది."

"ఒప్పుకున్న పద్నాలుగింటినీ నువ్వు ఒప్పుకోలేదు కదా."

"ఇద్దరూ గమ్మునుండండప్పా," అన్నాడు గురప్ప. "జిగురు ఆరతా ఉండాది."

చలపతి నవ్వినాడు గాని జోయల్‌కు నవ్వు రాలేదు. ఎందుకంటే క్రిస్మస్ నాడు చర్చిలో ఘోరం జరిగిపోయింది. ఒకే పాటలో జోయల్ మూడు గిటార్లు మార్చినాడు. సంఘమంతా మొదటి చరణాన్నే ఏడుసార్లు పాడింది. పాటలో గొర్రెల కాపరులు ఏడుసార్లు బయల్దేరినారు, ఒక్కసారి కూడా బేత్లెహేము చేరలేదు. కొత్తగా వచ్చిన పాస్టరు ఏబెల్ చిన్నవాడు, మెత్తనివాడు. ఆరాధనయ్యాక జోయల్‌ను పక్కకు పిలిచినాడు.

"ఈస్టర్ దాకా చూస్తామన్నా. ఆ రోజు ఒక్క పాట మొదలు నుంచి కొసదాకా వాయించండి చాలు. కాకపోతే మా చెల్లెలు జెస్సీ కీబోర్డు మీద ట్రాకులు పెట్టేస్తాది. మీ కుర్చీ సామాన్ల గదిలో పెడతాం."

ఆ కుర్చీ ప్రసంగవేదిక పక్కన ముప్పై ఏళ్లు జోయల్ నాయన శాంతయ్య కూర్చున్న కుర్చీ. శాంతయ్యకు ఉండింది ఒక్కటే గిటారు, అదీ అయిదు తీగలది. ఆరో తీగ తెగినా ఆయన గమనించలేదంటారు.

గిటారు సరైనది దొరికితే అంతా సర్దుకుంటుందని జోయల్ గట్టిగా నమ్మినాడు. వెతికినాడు. మదనపల్లె నుంచి పుత్తూరు దాకా అతను తలుపు తట్టని ఇల్లు లేదు. చివరకు ఈస్టర్‌కు దారితీసే ఉపవాస దినాలు, అంటే శ్రమల కాలం, మొదలయ్యే ముందు సోమవారం కార్వేటినగరంలో దొరికింది. దేవరాజులు అనే ఆయన ఇంట్లో ఉండింది, వాళ్ల తాత జమీందారు బ్యాండులో వాయించినది. నల్లబడిన చెక్క, నేరేడుపండు రంగు.

"ఒక సంగతి ఉండాది సామీ," అన్నాడు దేవరాజులు. "ఈ పొద్దు మీటితే రేపు పలుకుతాది. తాత కాలం నుంచీ ఒక దినం లేటు. ఇంకే లోపమూ లేదు, మెడ తిన్నగుండాది."

జోయల్ ఒక కన్ను మూసి మెడ వెంబడి చూసినాడు. తిన్నగానే ఉంది.

"మీరొస్తానన్నారని నిన్న ఇదే టయానికి మీటి పెట్టినా. మజ్జిగ తాగుతా ఉండండి, వస్తాది."

సగం మజ్జిగ తాగేసరికి వచ్చింది. గోడకు ఆనించిన గిటారు ఎవరూ ముట్టకుండానే మోగింది. ఆ నాదానికి జోయల్ చేతిలో మజ్జిగ పెరుగైపోయింది. తీగలు పూర్తిగా శ్రుతి తప్పి ఉన్నాయి, అది వేరే మాట. కానీ ఆ చెక్క. ఇంకేం ఆలోచించకుండా చంకన పెట్టుకుని బస్సెక్కినాడు.

ఆ శనివారం గురప్ప దాన్ని తిప్పి తిప్పి చూసినాడు. "తీగల కింది పట్టీ మార్చినా ఈ లేటు పోదు. పాతవాటిలో కొన్నిటికి ఉంటాది."

"వారంటీ అడిగినావా?" అన్నాడు చలపతి.

ఇక శ్రుతి చేయడం మొదలైంది. పొద్దున ఏడింటికి మీటి, మర్నాడు ఏడింటికి విని, కీ వీసమంత తిప్పి, మళ్లీ మీటి, ఇంకో దినం ఆగాలి. అందులోనూ ఒక తీగ బిగిస్తే పక్క తీగ దిగుతుంది, ఆ దిగిన సంగతి మర్నాటికి గాని తెలియదు. బుధవారం చేసిన తప్పు గురువారం వినబడితే, దాన్ని దిద్దినానో ఇంకా చెడగొట్టినానో తెలియడానికి శుక్రవారం రావాలి. జోయల్ పళ్లు నూరిన చప్పుడుకు పక్కింటి పిండిమర ఆపి చూసుకున్నారు. కాటా దగ్గర లారీలోళ్ల మీద అరిచినాడు. అన్నం మీద అలిగినాడు. ఒకరోజు గిటారు ముందు మోకాళ్లు వేసి, "ఒక్కసారి, ఒక్క తీగ, ఇప్పుడే పలకవే తల్లీ," అని బతిమాలినాడు. అది నిన్నటి తప్పు నిదానంగా పలికి ఊరుకుంది.

కృపామణికి మాత్రం అలవాటైపోయింది. నిన్నటి వాయింపు మొదలైతే రాగిసంగటి కుండ పొయ్యి మీద పెడుతుంది, అయిపోతే ఉడికిన అన్నంలో పిండి కెలుకుతుంది.

"నిన్న బాగా వాయించినావు," అంది ఒక పొద్దున.

"యాడ బాగుండాది? మూడో తీగ దిగిండాది."

"నాకు బాగుండింది."

"నీ చెవి వేరు, నా చెవి వేరు."

"అవునయ్యా. నా చెవికి పాటలు వినబడతాయి."

శ్రమల కాలం నలభై దినాలూ అట్లా కరిగినాయి. ఈస్టర్‌కు ముందటి మట్టల ఆదివారం పోయి బుధవారం వచ్చింది. బుధవారం మీటింది గురువారం పొద్దున పలికింది. ఆరు తీగలు. ఆరూ సరిగ్గా. జోయల్ బంగారుపాళ్యం పోవాల్సిన బస్సు వదిలేసి గడపలో కూర్చుండిపోయినాడు. పద్నాలుగు గిటార్లు ఇరవై రెండేళ్లలో ఇవ్వని శ్రుతి. గురువారం దాన్ని ముట్టుకోలేదు, ముట్టుకుంటే గుడ్ ఫ్రైడే నాడు పలుకుతుంది. వాళ్ల సంఘంలో గుడ్ ఫ్రైడే నుంచి ఈస్టర్ దాకా ఏ వాయిద్యమూ మోగకూడదు. శుక్రవారమూ ముట్టుకోలేదు.

ఈస్టర్ ఆదివారం పాట పలకాలంటే శనివారమే వాయించాలి. జోయల్ పాస్టరును చర్చి తాళంచెవి అడిగినాడు.

"నిశ్శబ్ద శనివారం కదన్నా."

"చప్పుడు ఆదివారమే వస్తాదయ్యగారూ."

"అట్లయితే సరే," అని ఇచ్చేసినాడు పాస్టరు. "మొదటి పాట తొమ్మిదిన్నరకు. ఆ టయానికే వాయించండి."

శనివారం తొమ్మిదిన్నరకు ఖాళీ చర్చిలో శాంతయ్య కుర్చీలో జోయల్ కూర్చున్నాడు. తన వాయింపు తనకు వినబడదు కాబట్టి లెక్క తప్పకుండా కృపామణి ముందు బల్ల మీద కూర్చుని మెల్లగా పాడింది. జోయల్ వేళ్లు ఆడినాయి. తీగలు వణికినాయి. చప్పుడు లేదు. రెండు వరుసలు పోయినాయి. అంత నిశ్శబ్దంలో ఆ చెవి ఊరుకుంటుందా? ఏమీ వినబడకపోయేసరికి దానికి అనుమానాలన్నీ ఒకేసారి వినబడినాయి. నాలుగో తీగ వేలికింద కొంచెం వదులుగా తగిలింది.

ఆపేసినాడు. కీ తిప్పినాడు.

కృపామణి పాట ఆపింది. "ఏం చేస్తా ఉండావు?"

"నాలుగోది వదులైంది."

"నీకు వినబడిందా?"

"వేలికి తెలిసింది."

"నలభై దినాలు పట్టిందయ్యా దానికి. నీ నాయన కుర్చీలో కూర్చొనుండావు. ముట్టుకోవద్దు దాన్ని."

"మళ్లా మొదటి నుంచి ఎత్తుకో."

ఎత్తుకుంది. రెండో చరణంలో మళ్లీ ఆపినాడు. కీ ఈసారి వెనక్కి తిప్పినాడు. మూడోసారి, నాలుగోసారి. అయిదోసారి కృపామణి కొంగు దోపుకుని లేచింది. "నాకు గొంతు లేదు. నీ చేతికి సిగ్గు లేదు," అని ఇంటికి వెళ్లిపోయింది. జోయల్ కుర్చీ కాలును తన్ని, గిటారు అక్కడే పెట్టి తనూ వెళ్లిపోయినాడు.

ఈస్టర్ ఆదివారం చర్చి కిటకిటలాడింది. మల్లెపూల వాసన, కొత్తచీరల గరగర. చలపతి కూడా తిరుపతి నుంచి బస్సులో వచ్చి చివరి బల్లలో కూర్చున్నాడు, నామంతో సహా. సంఘపెద్ద ప్రకటనలు చదువుతున్నాడు. ఏ సంఘంలో ప్రకటనలు వేళకు అయినాయి? తొమ్మిదిన్నర అయింది. కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్న జోయల్ ఒళ్లో గిటారు మోగడం మొదలుపెట్టింది.

సంఘపెద్ద కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. జనం లేచి పాట ఎత్తుకున్నారు. రెండు వరుసలు అద్భుతంగా నడిచింది. ఆ రెండు వరుసలకు కాణిపాకం దాకా గాలి నిలబడి విన్నదంటే అబద్ధం కాదు.

అక్కడ ఆగింది. కీ తిరిగిన కిర్రు వినబడింది. మళ్లీ మొదటి నుంచి వచ్చింది.

జనం మళ్లీ ఎత్తుకున్నారు. మళ్లీ ఆగింది. పిల్లలు నవ్వినారు. ఒక ముసలామె ఉసూరుమని కూర్చుండిపోయింది. ముందువరుసలో కృపామణి తల వంచుకుంది. ఆమె మెడ జోయల్‌కు కనబడుతోంది. ఇన్నేళ్లుగా పాట ఆపింది తనే, కానీ వాయించేటప్పుడు అతనికి తీగ తప్ప ఇంకేం వినబడేది కాదు. ఈరోజు చేతులు ఖాళీగా ఉన్నాయి. ఊరికే కూర్చుని, మిగతా సంఘం లాగా, విన్నాడు. తీగ దిగినందుకు కాదు, పాట ఆగిన ప్రతిసారీ గుండెల్లో ఏదో మెట్టు జారినట్టయింది. ఇరవై రెండేళ్లు వీళ్లంతా ఈ మెట్టు జారుతూనే ఉన్నారన్నమాట.

మూడోసారి ఆగినప్పుడు పాస్టరు జెస్సీకి సైగ చేసినాడు. ఆ పిల్ల కీబోర్డు నొక్కింది. డ్రమ్ములతో, వయొలిన్లతో ట్రాకు హోరెత్తింది. జనం హాయిగా ఊపిరి వదిలి పాట మొదటి నుంచి ఎత్తుకున్నారు.

జోయల్‌కు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. జెస్సీ మీద కాదు, పాస్టరు మీద కాదు. నిన్నటి తన మీద. గిటారును పొట్టకు అదుముకుని, ఒళ్లో అది ఇంకా నిన్నటి నత్తి పలుకుతుండగానే, అదే పాట వాయించడం మొదలుపెట్టినాడు. నాలుగో తీగ దిగి ఉందని తెలుసు. తనే దించినాడు. కీ వైపు చూడలేదు. మొదటి చరణం, రెండోది, మూడోది, ఆఖరి పల్లవి. అతను వాయించింది ఎవరికీ వినబడలేదు. కొస దాకా వాయించి, గిటారును కుర్చీలో పెట్టి, ఎవరి ముఖమూ చూడకుండా పక్కతలుపు నుంచి బయటికి నడిచినాడు. కుర్చీ పోయింది. దాంతోపాటు గిటారూ పోనీ అనుకున్నాడు.

సోమవారం కాటా దగ్గర ఎండ అప్పుడే పేలిపోతోంది. డ్రైవరు కుప్పయ్య చింతపండు లారీ కాటా ఎక్కింది. జోయల్ బరువు కళ్లు తెరిచే చూసి రాసుకున్నాడు. బరువు చీటీ చించబోతుండగా ఫోను మోగింది. పాస్టరు ఏబెల్.

"జోయలన్నా, కుర్చీ సామాన్ల గదికి మోసుకపోదామని వచ్చినా," అన్నాడు మెల్లగా. "మీ గిటారు దింపి బల్ల మీద పెట్టినా. ఇప్పుడే మొదలైంది. వినండి."

ఫోను గిటారు దగ్గర పెట్టినట్టున్నాడు. పాట వచ్చింది. ఖాళీ చర్చిలో, ట్రాకు లేదు, జనం లేరు, ఒక్క గిటారు. రెండు వరుసలు అయినాయి. మూడో వరుస వచ్చింది. రెండో చరణం వచ్చింది. నాలుగో తీగ ప్రతిచోటా వెంట్రుకవాసి కిందికే పలుకుతోంది, దాని మీదుగా పాట నడిచి పోతూనే ఉంది. జోయల్ ఎడమచెయ్యి గాల్లోకి లేచి, లేని కీ వెతుక్కుని, మళ్లీ బల్ల మీద వాలింది.

"చీటీ ఇయ్యప్పా, పోవల్ల," అని కుప్పయ్య హారన్ కొట్టినాడు. జోయల్ చెయ్యెత్తి ఆగమన్నాడు.

ఆఖరి పల్లవిలో పాస్టరు గొంతు ఫోన్లోకి వచ్చింది. దగ్గరగా, కూర్చున్న మనిషి గొంతు.

"నాలుగో తీగ కొంచెం దిగినట్టుండాది కదన్నా?"

"దిగిండాదయ్యగారూ."

"ఆపాల్నా?"

"వద్దు," అన్నాడు జోయల్. "అయిపోనీండి."

అయిపోయింది. చివరి తీగ చప్పుడు సన్నగిల్లింది.

"ఈ కుర్చీకి ఒక కాలు ఊగతా ఉండాదన్నా," అన్నాడు పాస్టరు. "శనివారం మీరొచ్చేలోగా మేకు కొట్టిస్తా. ఎన్నింటికి తలుపు తీయమంటారు?"