నీళ్ళలో వాళ్ళు ఖాళీ చేశారు

ఆ హోటల్లో పొద్దుటి పని ఎప్పుడూ ఒకే తీరున మొదలయ్యేది. ముందు తోటమాలి మెట్లు కడిగేవాడు. తరవాత పెద్ద వెయిటరు నీటి ఒడ్డున బల్లలు వేసి, గుడ్డలు గాలికి లేవకుండా అంచులకి క్లిప్పులు పెట్టేవాడు. అదయ్యాక రెయిలింగ్ దగ్గరికి వెళ్ళి, కిందికి వంగి, నీళ్ళలో వాళ్ళకి చెయ్యి ఊపేవాడు. ఒకరిద్దరు తిరిగి ఊపేవాళ్ళు.

ఆ భవనం మొదట ఓడల తాళ్ళు దాచే గిడ్డంగి. తరవాత డెబ్భై ఏళ్ళు ఓడరేవు ఆసుపత్రి. ఓడలో ఒక్కడికి జ్వరం కనిపించినా అందరినీ దింపి నలభై రోజులు అక్కడే ఉంచేవారట. ఆ పైన డాన్సు హాలున్న హోటలు, ఆ పైన ముప్ఫై ఏళ్ళు పావురాల కొంప. నిరుడు బాగుచేసి, పాలరాయి పరిచి, మళ్ళీ తెరిచారు. పైన ఎన్ని మార్పులు జరిగినా నీళ్ళలో దాని నీడ మాత్రం ఆసుపత్రిగానే ఉండిపోయింది. పెచ్చులూడిన గోడలు, ఇనప మంచాలు, తలకిందులుగా కిటికీల్లో నిలబడ్డ జనం. అందులో ఒకాయన రోజూ ఏడింటికి గడ్డం గీసుకునేవాడు. పడవవాళ్ళు ఆయన్ని చూసి వాచీలు సరిచేసుకునేవారు.

హోటలు తెరిచి ఏడాదైన పండక్కి మేనేజరు, బాగుచేసే పనిలో ఉన్నవాళ్ళని పిలిచి రెండు రాత్రులు ఊరికే ఉండమన్నాడు. అలా వచ్చింది ఇంజనీరమ్మ. నలభై దాటిన మనిషి, తక్కువ మాటలు. పునాదులు గట్టిగా ఉన్నాయని సంతకం పెట్టింది ఆమే. తోడుగా వాళ్ళ నాన్నని తెచ్చుకుంది. ఆయన నలభై ఏళ్ళు తాపీ పట్టిన మేస్త్రీ. ఎన్నో పెద్ద భవనాలు కట్టాడు గానీ, ఒక్కదాంట్లోనూ మంచం మీద పడుకోలేదు.

"మీకు తూర్పు వైపు గది ఇచ్చాం మేడం," అంది రిసెప్షన్ అమ్మాయి. "మీ కింద నీళ్ళలో తెల్లటోపీ నర్సమ్మ ఉంటారు. చాలా నెమ్మదస్తురాలు. పడమటి వైపైతే అందరూ దగ్గేవాళ్ళే, చూడ్డానికి బాగోదు."

తూర్పు వైపు అన్న మాట వినగానే ఇంజనీరమ్మ చెయ్యి తాళం దగ్గరే ఆగిపోయింది. వేరే గది అడుగుదామనుకుంది. ఎందుకని అడిగితే ఏం చెప్పాలో తెలియక తాళం తీసుకుంది.

గదిలో మేస్త్రీ అన్నీ తిప్పి చూశాడు. మంచం మీద తువ్వాలుతో చేసిన హంసని చూసి బెంగపడ్డాడు. "దీన్ని విప్పితే పాపం, విప్పకపోతే తడి ఒంటితో తిరగాలి. ఏం చెయ్యమంటావే?" అన్నాడు. ఆమె నవ్వింది గానీ, కళ్ళు కిటికీ మీదే ఉన్నాయి. నీళ్ళలో నర్సమ్మ దుప్పట్లు మడత పెడుతోంది.

మర్నాడు పొద్దున్న టిఫిను తింటూ మేస్త్రీయే ముందు గమనించాడు.

"అదేమిటే, వాళ్ళు పరుపులు చుట్టేస్తున్నారు?"

ఆమె రెయిలింగ్ దగ్గరికి వెళ్ళింది. తూర్పు వైపు కిటికీలన్నిటిలోనూ హడావుడిగా ఉంది. మంచాలు మడుస్తున్నారు. ఒకడు కుంటివాణ్ణి వీపున ఎక్కించుకున్నాడు. గడ్డం గీసుకునే ఆయన సగం నురగతోనే పెట్టె సర్దుతున్నాడు. ఎవరి మొహంలోనూ తొందరపాటు తప్ప ఇంకేమీ లేదు.

"ఎక్కడికీ పోరండీ," అన్నాడు పెద్ద వెయిటరు కాఫీ పోస్తూ. "అప్పుడప్పుడూ గదులు మారుతుంటారు."

"ఇదివరకు మారారా?"

వెయిటరు రెయిలింగ్ మీంచి కిందికి చూశాడు. "నేనైతే చూళ్ళేదు," అన్నాడు.

ఆ రోజు ఆమెకి ముద్ద దిగలేదు. సాయంత్రం స్నానాల గది తలుపు గడియ పడలేదు. నిన్న సులువుగా పడిన గడియ ఇప్పుడు రంధ్రానికి వేలెడు పైన ఆగిపోయింది. కొత్త చెక్క, తేమకి ఉబ్బి ఉంటుందని తనకి తాను చెప్పుకుంది. మేస్త్రీ వచ్చి గడియని రెండుసార్లు ఆడించాడు. అరచెయ్యి గోడకి ఆనించి నిలబడ్డాడు. తరవాత మంచం మీద కూర్చున్నాడు.

"ఎన్ని చోట్ల తవ్వి చూశావమ్మా?"

తూర్పు భాగమంతా నీళ్ళలోకి దింపిన చెక్క దుంగల మీద నిలబడి ఉంది. ఎనిమిది చోట్ల తవ్వి, దుంగలు పుచ్చాయేమో చూడాలి. మొదటి రెండు చోట్ల దుంగలు ఇనుములా ఉన్నాయి. హోటలు తెరిచే తేదీ దగ్గర పడింది. రోజుకి పదిసార్లు ఫోన్లు. మిగతావీ అలాగే ఉంటాయిలే అనుకుని ఆమె ఎనిమిదీ చూసినట్టు రాసింది.

"రెండు," అంది.

మేస్త్రీ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది ఆమెకి. ఆయన లేచి సంచిలో బట్టలు సర్దడం మొదలుపెట్టాడు. వాళ్ళిద్దరూ ఆ రాత్రి పడమటి వైపు హాల్లో సోఫాల మీద గడిపారు. గదిలో దోమలని చెప్పారు.

మూడో రోజు తెల్లవారేసరికి నీళ్ళలో తూర్పు కిటికీలన్నీ ఖాళీ. ఒక్క నర్సమ్మ మాత్రం ఇంజనీరమ్మ గది కింద నిలబడి ఉంది. చేతిలో లాంతరు, భుజాన సంచి. ఆమె రెయిలింగ్ దగ్గరున్న ఇంజనీరమ్మనే చూస్తోంది. ఎంతసేపు చూసినా చూపు తిప్పలేదు. ఒకసారి పిడికిలితో అద్దం మీద కొట్టింది. చప్పుడు రాలేదు గానీ, నీళ్ళ మీద సన్నటి వలయాలు లేచి ఒడ్డు దాకా వచ్చాయి.

అప్పుడే తూర్పు హాల్లోకి కుర్చీలు మోస్తున్నారు. రిటైరైన ఓడ కెప్టెన్ల సంఘానికి పన్నెండింటికి భోజనాలు. భార్యాభర్తలు కలిపి తొంభై మంది.

పదకొండు దాటాక మేనేజరు రాగానే ఇంజనీరమ్మ ఆయన గదికి వెళ్ళింది. ఆ గదీ తూర్పు వైపే. ఆమె చెప్పిందంతా విని ఆయన నవ్వాడు.

"సంతకం మీదే కదా మేడం?"

"నాదే. అది అబద్ధం."

నవ్వు ఆగిపోయింది. ఆయన తలుపు వేసి వచ్చాడు. "ఏం మాట్లాడుతున్నారో తెలుస్తోందా? మీ లైసెన్సు పోతుంది. జైలు కూడా పడొచ్చు. అంత ధైర్యముంటే రాసివ్వండి."

బెదిరిస్తే తగ్గుతుందనుకున్నాడు. ఆమె అక్కడున్న కాగితం లాక్కుని రాసింది. తవ్వింది రెండు చోట్లే అన్న మాట కింద సంతకం పెట్టింది. ఆయన దాన్ని చదివి సొరుగులో పడేశాడు. "రేపు చూద్దాం. ఇవాళ మాత్రం కుదరదు," అన్నాడు.

ఆమె బయటికి వచ్చేసరికి కెప్టెన్లు బల్లల ముందు కూర్చుంటున్నారు. గుమ్మం దగ్గర సంఘం పెద్ద, ఎనభై ఏళ్ళ ముసలి కెప్టెను, ఎవరితోనో పరాచికాలాడుతున్నాడు. బయటే కాచుకున్న మేస్త్రీ, కూతురి మొహం చూసి, తిన్నగా ఆయన దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"అయ్యా, మీవాళ్ళని లేపండి. ఈ హాలు నిలబడదు."

"ఎవరు చెప్పారు?"

"మా అమ్మాయి. ఈ పునాదికి సంతకం పెట్టింది తనే."

వెనకే పరిగెత్తుకొచ్చిన మేనేజరు, ఆవిడకి ఒంట్లో బాగోలేదని చెప్పబోయాడు. కెప్టెను ఆయన మాట వినిపించుకోలేదు. కర్ర ఊతంగా వెళ్ళి కిటికీలోంచి నీళ్ళలోకి చూశాడు.

"వీళ్ళు ఎప్పుడు ఖాళీ చేశారు?"

"నిన్న పొద్దున్న మొదలుపెట్టారండీ," అంది ఇంజనీరమ్మ.

కెప్టెను వెనక్కి తిరిగి, ఓడ మీద అరిచే గొంతుతో అరిచాడు. "లేవండి! అందరూ తోటలోకి! చేతిలో ఏముంటే దాంతో!"

తొంభై మందీ పళ్ళేలు పట్టుకునే లేచారు. వంటవాళ్ళని, పై గదుల్లో అతిథులని వెయిటరు తోలుకొచ్చాడు. తిట్టుకుంటూనే మేనేజరూ వచ్చాడు.

ఒంటిగంట అయింది. ఏమీ జరగలేదు. రెండయింది. మూడయింది. ఎండకి ముసలాళ్ళు సొమ్మసిల్లుతున్నారు. "చాలా, ఇంకా ఉండాలా?" అని మేనేజరు ప్రతి పది నిమిషాలకీ అడుగుతున్నాడు. ఇంజనీరమ్మ గడ్డి మీద కూర్చుని ఆ గోడలనే చూస్తోంది. కూలిపోతే తన పాపం బయటపడుతుంది. కూలకపోతే పిచ్చిదవుతుంది. కూలిపోవాలని తన మనసు కోరుకుంటోందని తెలిసి ఆమెకి తన మీదే భయం వేసింది.

నాలుగు కొట్టడానికి పావుగంట ముందు, నీళ్ళలో నర్సమ్మ లాంతరు పట్టుకుని పడమటి వైపుకి నడిచి వెళ్ళిపోయింది. ఆ తరవాత అలసిన మనిషి కుర్చీలో కూలబడినట్టు తూర్పు భాగమంతా ఒక్కసారిగా కిందికి దిగింది. పెద్ద చప్పుడు కూడా లేదు. పాలరాయి, షాండ్లియర్లు, తొంభై కుర్చీలు, మేనేజరు బల్ల అన్నీ నీళ్ళలోకి పోయాయి. తెల్లటి దుమ్ము తోటంతా కమ్మేసింది. ఎవరో ఏడుస్తున్నారు. కెప్టెను తనవాళ్ళని పేరుపేరునా పిలుస్తూ రెండుసార్లు లెక్కపెట్టాడు. అందరూ ఉన్నారు.

నీళ్ళు కుదురుకున్నాక చూస్తే, నీడలో మిగిలిన పడమటి కిటికీల్లో వాళ్ళు ముగ్గురేసి, నలుగురేసి సర్దుకుని నిలబడి ఉన్నారు.

మేనేజరు వచ్చి ఇంజనీరమ్మ పక్కన గొంతుక్కూర్చున్నాడు. మొహం నిండా దుమ్ము. "ఆ కాగితం కూడా పోయింది," అన్నాడు మెల్లగా. "దుంగలూ పోయాయి. ఇప్పుడు ఎవరూ ఏదీ నిరూపించలేరు. మీరు రాయలేదు, నేను చదవలేదు. నాకూ పిల్లలున్నారు మేడం."

అంత తేలిగ్గా బయటపడొచ్చని ఆమె అనుకోలేదు. నాన్న వైపు చూసింది. ఆయన దూరంగా ఎవరో ముసలావిడకి నీళ్ళు తాగిస్తున్నాడు.

ఒడ్డుకి అధికారుల పడవ వచ్చి ఆగింది. కెప్టెను భార్య ఒక పళ్ళెం తెచ్చి ఇంజనీరమ్మ చేతిలో పెట్టింది. "ముందు రెండు ముద్దలు తిను తల్లీ. వాళ్ళు అడగడం మొదలుపెడితే తెల్లారుతుంది," అంది. రెండు రోజులుగా ఏమీ తినని మనిషి, దుమ్ము పడిన ఆ తిండిని గబగబా తింది.

"ఇంజనీరు ఎవరండీ ఇక్కడ?" అని అరుస్తూ వచ్చాడు ఒకతను.

"వస్తోంది బాబూ, చెయ్యి కడుక్కుంటోంది," అన్నాడు మేస్త్రీ.

ఆమె చెయ్యి కడుక్కుని, తడి చెయ్యి చీరకి తుడుచుకుని వెళ్ళి అతని ముందు నిలబడింది.

"మీరేమీ అడక్కండి," అంది. "నేను చెప్తాను, రాసుకోండి."