కిటికీలో తొమ్మిది దీపాలు

కువైట్‌కి వచ్చిన మూడేళ్ళ నుంచీ కెజియా ఒక్క మాటని గొంతులోనే దిగమింగుకుని బతుకుతోంది. ఆ మాట బయటపడితే కఫీల్, అంటే వీసా ఇచ్చిన ఇంటి యజమాని, అప్పటికప్పుడు విమానం ఎక్కించి పంపేస్తాడో, పోలీసుల చేతికే అప్పజెబుతాడో ఆమెకి తెలీదు. ఏం జరుగుతుందో తెలిస్తే సగం భయం తగ్గేదేమో. ఇంతకీ ఆ మాటేమిటంటే, కెజియా యూదురాలు.

గుంటూరు జిల్లాలో, మిరపచేలకి కూలికి పోయే పేటలో, తెలుగు తప్ప మరో ముక్క రాని యూదులేమిటని ఎవరైనా నవ్వుతారు. నవ్వితే నవ్వండి, ఉన్నారు మరి. తమని తాము బెనె ఎఫ్రాయిము, అంటే ఎఫ్రాయిము సంతానం, అనుకుంటారు. పట్టుమని యాభై గడపలు కూడా ఉండవు. శనివారం పొయ్యి ముట్టించరు, ఒక పెంకుటింట్లో చేరి ప్రార్థన చేసుకుంటారు. కెజియా, సిప్పోరమ్మ, రిబ్కా అన్న పేర్లు వినగానే పక్క పేటవాళ్ళు వీళ్ళని కూడా క్రైస్తవుల్లో కలిపేస్తారు. ఏజెంటూ అంతే. ఫారంలో మతం దగ్గర క్రిస్టియన్ అని తనే గీకి పారేశాడు. కూతురు రిబ్కా నర్సింగులో చేరబోతున్న రోజులవి, ఫీజుకి డబ్బు కావాలి. కెజియా కాదనలేదు, వేలిముద్ర వేసి విమానం ఎక్కేసింది.

ఇంట్లో ఆమె పనల్లా పెద్ద మామాని చూసుకోవడం. అక్కడ పనివాళ్ళు యజమానురాళ్ళని మామా అనే పిలుస్తారు. పెద్ద మామా అంటే ఇంటి యజమాని తల్లి. ఎనభై అయిదేళ్ళ మనిషి, నడుం కింద పట్టు లేదు, చక్రాల కుర్చీలోనే కాలక్షేపం. మాట మాత్రం కత్తి. స్నానం చేయించడం, తల దువ్వడం, పక్కలు మార్చడం, అన్నీ కెజియా చేతులమీదే జరగాలి. పొద్దున్నుంచి రాత్రి దాకా ఆ గదిలో టీవీ వార్తలు మోగుతూనే ఉంటాయి. కూలిన ఇళ్ళూ, తెల్లగుడ్డ చుట్టిన పసిపిల్లలూ కనబడినప్పుడల్లా ముసలామె వెక్కివెక్కి ఏడ్చేది. ఆమె ముఖం తుడుస్తూ కెజియా కూడా ఏడ్చేది. ఆ ఏడుపులో ఏ కల్లాకపటమూ లేదు. కానీ ఆ వార్తల్లో యహూద్, అంటే యూదులు, అన్న మాట వినబడగానే కెజియా చేతిలో గుడ్డ ఒక్క క్షణం ఆగిపోయేది. పెద్ద మామా చూసిందేమోనని ఓరకంట చూసుకునేది.

మరి డిసెంబరొచ్చేసరికి హనుక్కా పండగ. వెనకటికి ఎవడో రాజు యూదులు తమ దేవుణ్ణి కొలవకూడదని శాసించాడట. గుడిని పాడుచేశాడట. తిరగబడి గుడిని గెలుచుకున్నాక చూస్తే దీపానికి ఒక్కరోజుకి సరిపడే నూనె దొరికిందట. అది ఎనిమిది రోజులు వెలిగిందట. అందుకని ఎనిమిది సాయంత్రాలు, మొదటిరోజు ఒకటి, రెండోరోజు రెండు, అలా పెంచుకుంటూ దీపాలు పెడతారు. వాటిని ముట్టించడానికి తొమ్మిదోది ఒకటి, కాస్త ఎత్తులో ఉంటుంది. కెజియా నాయనమ్మ సిప్పోరమ్మ దాన్ని పాలేరు దీపం అనేది. పనంతా దానిదే. మిగతా ఎనిమిదింటి వెలుగులో బియ్యం ఏరకూడదు, సూదిలో దారం ఎక్కించకూడదు, ఊరికే చూస్తూ కూర్చోవాలి.

ఇంకో కట్టడి కూడా ఉంది. ఆ దీపాలు వెలిగే అరగంటా ఆడవాళ్ళు ఏ పనీ ముట్టుకోకూడదు. ఆ రోజుల్లోనే ఎవరో ఒక విధవరాలు శత్రు సేనాపతి తల తెగ్గోసి జనాన్ని కాపాడిందనీ, ఆమె గౌరవం కోసమనీ పెద్దలు చెబుతారు. సిప్పోరమ్మకి ఆ సేనాపతి గొడవ అంతగా పట్టేది కాదు. పొద్దంతా మిరపకాయలు కోసి మంటలెత్తే చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని, గడపలో దర్జాగా కూర్చునేది. ఒకసారి ఆసామి మనిషి వచ్చి, బస్తాలు ఎత్తాలి రమ్మని కేకేస్తే కదల్లేదు. ఆ రాజే వచ్చి పిలిచినా ఈ అరగంట నేను ఎవరి కూలిదాన్నీ కానురా అని చెప్పి పంపేసింది. కెజియాకి అప్పుడు ఏడేళ్ళు. నాయనమ్మని చూసి అంత గర్వపడిన రోజు ఆమెకి మరొకటి లేదు.

కువైట్‌లో ఆ అరగంట దొరకడమే ఆమె అదృష్టం. పొద్దుగూకి మగ్రిబ్ బాంగు అయ్యాక పెద్ద మామా కుర్చీలోనే నమాజు చేసుకుని, కెజియా చేత గుండె మాత్ర వేయించుకుని, తస్బీ పూసలు తిప్పుకుంటూ కూర్చుంటుంది. ఆ కాస్సేపు కెజియాకి విడుపు. మిద్దెమీది తన గదిలోకి పోయి, తలుపు గడియపెట్టి, కేకులు కాల్చే రేకుమీద తొమ్మిది పెప్సీ మూతలు పెట్టి, దూదివత్తులు వేసేది. ఊళ్ళో నువ్వులనూనె పోసేవాళ్ళు. అసలు పొయ్యాల్సింది ఆలివ్ నూనె అని వినడమే గానీ ఎవరూ కళ్ళజూడలేదు. ఇక్కడ ఏ సందులో చూసినా బకాలా కొట్లో అదే. మొదటిసారి ఆ సీసా కొని తెచ్చుకున్నప్పుడు, నాయనమ్మ ఉంటే ఎంత సంబరపడేదోనని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

దీపాలు వీధికి కనబడేలా పెట్టాలి. దేవుడు చేసిన మేలు నలుగురికీ తెలియాలని ఆ నియమం. ప్రాణభయం ఉన్నచోట ఇంట్లో బల్లమీద పెట్టుకున్నా తప్పులేదన్నారు. కెజియాకి బల్ల కూడా లేదు. మంచం కింద పెట్టుకుని, దుప్పటి పైకి మడిచి, నేలమీద కూర్చుని చూసుకునేది.

ఈ ఏడాదీ అలా ఆరు రోజులు గడిచాయి. ఏడోరోజు గడియ సరిగ్గా పడలేదు.

ఇంట్లో వంటచేసే షహర్‌బానుది రాయచోటి. పదిహేనేళ్ళుగా ఈ ఇంట్లోనే ఉంది. మనసు మంచిదే గానీ నోట్లో నువ్వుగింజ నానదు. ఆరేసిన దుప్పట్లు తీసుకుపోవడానికి వచ్చి, తలుపు సందులోంచి వెలుగు చూసి లోపలికి తోసుకొచ్చింది. మంచం కింద దీపాలేందని అడిగింది. కెజియా దీపాలకి అడ్డంగా జరిగింది. క్రిస్మస్ వస్తోంది గదక్కా అనేసింది. మా రాయచోటిలో కిరస్తానపోళ్ళు నక్షత్రం కడతారు గానీ దీపాలు పెట్టేది చూడలేదే అని షహర్‌బాను. మా గుంటూరు వైపు ఇట్లాగే పెడతారక్కా అని కెజియా. చాలా బాగున్నాయమ్మీ అని మెచ్చుకుని, దుప్పట్లు చంకన పెట్టుకుని షహర్‌బాను వెళ్ళిపోయింది. ఆ రాత్రంతా కెజియాకి కంటిమీద కునుకు లేదు. ఎవరూ కొట్టకుండా, ఎవరూ బెదిరించకుండా, తన దేవుణ్ణి తనే కాదనుకుంది. తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

షహర్‌బాను మేలు చేద్దామనే అనుకుంది, పాపం. తెల్లారి కోడలు మామా, అంటే యజమాని భార్య, కాఫీ తాగుతుంటే, కెజియా పండగ దీపాల సంగతి ముచ్చటగా చెప్పింది. కోడలు మామా ఉదారంగా ఉంటానని పేరు తెచ్చుకోవాలని తాపత్రయపడే మనిషి. మంచం కింద పెట్టుకోవడమేమిటి, ఈ సాయంత్రం మా తమ్ముడూ, మా అక్క పిల్లలూ వస్తున్నారు, హాల్లో పెద్ద కిటికీలో పెట్టమను, పిల్లలు సంబరపడతారు అంది. షహర్‌బాను ఆ కబురు మోసుకొచ్చినప్పుడు కెజియా పెద్ద మామా జుట్టు దువ్వుతోంది. దువ్వెన చేతిలోంచి జారిపోయింది.

వద్దంటే ఎందుకు వద్దన్న ప్రశ్న వస్తుంది. ఒంట్లో బాగాలేదంటే షహర్‌బానుని ముట్టించమంటారు. సాయంత్రం దాకా ఆలోచించి ఆలోచించి, చివరికి ఆ రేకుని రెండు చేతులా పట్టుకుని కిందికి దిగింది. కిటికీ అవతల వీధిదీపాలు అప్పుడే వెలిగాయి, కార్లు పోతున్నాయి. ఏ నియమానికి భయపడి మూడేళ్ళు మంచం కింద దూరిందో, అదే నియమం ప్రకారం వీధికి ఎదురుగా పెట్టాల్సి వచ్చింది. పాలేరు దీపం ముట్టించింది. పెదాలు కదలకుండా లోలోపలే స్తోత్రం చెప్పుకుని, ఎడమచివరి నుంచి ఒక్కొక్కటే ఎనిమిదీ వెలిగించింది.

పిల్లలు చప్పట్లు కొట్టారు. కోడలు మామా ముఖం వెలిగిపోయింది. ఆమె తమ్ముడు మాత్రం కనుబొమలు ముడిచి చూస్తున్నాడు. అమెరికాలో చదువుకుని ఆ వేసవిలోనే తిరిగొచ్చాడు. జేబులోంచి ఫోను తీసి దీపాలకేసి పట్టుకుని, వేలితో లెక్కపెట్టుకున్నాడు. ఇలాంటిదే ఎక్కడో చూశాను, మా యూనివర్సిటీలోనే, ఇదే నెలలో అని అక్కతో అన్నాడు. కెజియా కిటికీ పక్కనే తస్బీ తిప్పుతున్న పెద్ద మామా కుర్చీ వైపు ఒక అడుగు జరిగింది.

అదే క్షణాన కోడలు మామా ఆమెవైపు తిరిగింది. "యల్లా కెజియా, అందరికీ చాయ్."

ఏముంది, వెళ్ళి తేవచ్చు. పది అడుగుల దూరంలో వంటిల్లు. తెస్తే ఆ కుర్రాడు కూడా చాయ్ తాగి మరిచిపోతాడేమో. కానీ కెజియా అడుగు పడలేదు. నిన్న నోటితో కాదంది. ఇవాళ చేతులతో కూడా కాదంటే ఇక ఆమెలో మిగిలేది ఏమీ లేదు. నాయనమ్మ ఒళ్ళో మంటలెత్తే చేతులు గుర్తొచ్చాయి. కిటికీ పక్కన, పెద్ద మామా కుర్చీ చక్రం దగ్గర, నేలమీద కూర్చుండిపోయింది.

కోడలు మామా వినబడలేదేమో అనుకుని మళ్ళీ చెప్పింది. షహర్‌బాను వంటింటి గుమ్మంలోంచి, "లెయ్యమ్మీ, ఏమైంది నీకు?" అని తెలుగులో గొణిగింది.

కెజియా తనకొచ్చిన కాస్త అరబ్బీనే కూడదీసుకుంది. "ఇవి ఆరేదాకా నేను పని చెయ్యకూడదు మామా. అరగంట."

కోడలు మామా ముందు నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఇదివరకు మా ఇంట్లో ఉన్న ఫిలిప్పీన్ అమ్మాయీ క్రిస్మస్ చేసుకుంది, ఇలా కూర్చోలేదే అంది. తమ్ముడు సోఫాలోంచి లేచాడు. వేలితో ఫోనులో ఏదో వెతుకుతున్నాడు. "ఇది క్రిస్మస్ కాదక్కా," అన్నాడు.

కెజియా కళ్ళు మూసుకుంది. ఇక ఖలాస్ అనుకుంది. రిబ్కా ముఖం కళ్ళముందు కదిలింది.

"ఆ ఫోను లోపల పెట్టు," అంది పెద్ద మామా. తస్బీ పట్టుకున్న చేత్తోనే కుర్చీని టపటపా కొట్టింది. "క్రిస్మస్ కాదని నీకేనా తెలిసింది? నేను పుట్టింది బస్రాలో. మా అమ్మ మొక్కు దీపాలు ఇలాగే పెట్టేది. నేనే చెప్పి ఈ పిల్లచేత పెట్టించాను. పెట్టినామె అవి ఆరేదాకా లేవకూడదు, మా అమ్మా లేచేది కాదు. చాయ్ తేవడానికి ఇంట్లో ఇంకో మనిషి లేదా?"

ఆ ఇంట్లో పెద్ద మామా మాటకి ఎదురు చెప్పిన మగాడే లేడు. తమ్ముడు ఫోను జేబులో పెట్టుకుని, సర్దుకుని కూర్చున్నాడు. కోడలు మామా షహర్‌బానుకి సైగ చేసింది. కాసేపటికి కప్పుల చప్పుడు, పిల్లల గోల, మాటలు మళ్ళీ మొదలయ్యాయి. ముసలామె తనచేత ఏమీ పెట్టించలేదు, ఏమీ చెప్పలేదు. మరి ఎందుకు అబద్ధమాడింది? ఎంత తెలుసు ఆమెకి? తలెత్తి చూడ్డానికి ధైర్యం చాల్లేదు.

పెద్ద మామా కిటికీలోకే చూస్తూ, గొంతు బాగా తగ్గించి చెప్పింది. పెట్టింది అమ్మ కాదట. బస్రాలో గోడ అవతలి ఇంటామె, ఉమ్ సాలిమ్. అమ్మ పొద్దంతా పనిలో ఉంటే తను ఆ ఇంట్లోనే పెరిగిందట. ఎప్పుడు ఏమడిగినా పరిగెత్తుకొచ్చే మనిషి, ఆ అరగంట మాత్రం కదిలేది కాదట. ఒకసారి ఆకలేసి ఏడ్చి ఏడ్చి, కోపమొచ్చి ఆమె చెయ్యి కొరికిందట. అయినా లేవలేదట. ఇంకో ఏడాది తను బడినుంచి వచ్చేసరికి ఆ ఇంటికి తాళం ఉందట. ఎక్కడికి పోయారని తనూ అడగలేదట, ఇంట్లో వాళ్ళూ అడగలేదట.

"నువ్వెవరో నేను అడగను," అంది పెద్ద మామా. "నువ్వూ నాకు చెప్పొద్దు. చెప్పితే నేను మోయలేను."

కెజియా తల ఊపింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని దీపాలనే చూసింది. అతిథులు చాయ్ తాగి, పళ్ళు తిని, పెద్ద మామా నుదుటిమీద ముద్దు పెట్టి వెళ్ళిపోయారు. తమ్ముడు వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి ఒకసారి కిటికీకేసి చూశాడు. మొదట కుడిచివరిది ఆరింది. తర్వాత మధ్యలో రెండు. నూనె ఇంకిపోయి ఒక్కొక్కటే పొగ వదిలి ఆరిపోతుంటే, పెద్ద మామా వాటిని పెదాలతో లెక్కపెట్టుకుంటోంది. అన్నిటికన్నా ఆఖర్న పాలేరు దీపం ఆరింది.

కెజియా నేలమీదనుంచి లేచింది. పెద్ద మామా అప్పుడు ఆమెవైపు తిరిగి, అంతసేపూ బిగించి పట్టుకున్న ఎడమ పిడికిలి విప్పింది. మగ్రిబ్ అవగానే వేసుకోవాల్సిన గుండె మాత్ర. చెయ్యి వణుకుతుంది గనక గ్లాసు తనంతట తను పట్టుకోలేదు, కెజియానే పట్టాలి. చెమటకి మాత్ర సగం కరిగి, అరచేతి గీతల్లోకి తెల్లగా ఇంకిపోయి ఉంది.

"ఇప్పుడు నీళ్ళు తేమ్మా," అంది పెద్ద మామా.