మూడో ప్లేటు

"తినేది వాడు, ఆయాసం నీకెందుకే?" అంది అత్తగారు. భర్త కంచం పక్కన మంచినీళ్లు పెడుతూ కోడలు ఉస్సురంది, అదీ నేరం. అప్పటికి బియ్యం కడిగింది, కూర తరిగింది, పిల్లకి జడ వేసింది, మామగారికి మాత్రలిచ్చింది. తన డబ్బా సర్దుకోవడమే మరిచిపోయింది. "నువ్వు ఉద్యోగానికి వెళ్తున్నా ఇంట్లో ఏ పనీ ఆగలేదు, చూశావా," అన్నాడు భర్త, అదేదో తన గొప్పే అయినట్టు. ఆగకుండా చూస్తున్నదెవరో అక్కడ ఎవరికీ తట్టదు. చెబుదామంటే ఆమెకి నోరు పెగలదు. పదకొండేళ్లుగా పెగల్లేదు.

ల్యాబులో ఆమె పని ఎలుకలతో. ఎలుక రక్తంలోకి సన్నటి నల్లపొడి కలిపిన నీళ్లు ఎక్కిస్తే, కాలేయంలోని కణాలు ఆ పొడిని గబగబా మింగేస్తాయి. వెంటనే రెండోసారి ఎక్కిస్తే మాత్రం పొడి రక్తంలోనే తిరుగుతుంటుంది. "కణాలకి కడుపు నిండిపోయింది, అంతే," అని పెద్దసారు తేల్చేశారు. ఆమెకి ఆ మాట మింగుడుపడలేదు. ఒక ఆదివారం, ఎలుకలకి మేత వేసొస్తానని ఇంట్లో అబద్ధమాడి వచ్చి, మూడు గాజు ప్లేట్లు పరిచింది. మూడింట్లోనూ రెండుసార్లు పొడి ఎక్కించిన ఎలుక నుంచి తీసిన ఆ అలిసిన కణాలే, ఆ పొడే. మొదటిదాంట్లో అదే ఎలుక సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేరే నీరు, పోసింది. కణాలు పొడిని ముట్టలేదు. రెండోదాంట్లో వేరే ఎలుక తాజా సీరం పోస్తే ఆవురావురుమంటూ మింగాయి. మూడోదాంట్లో ఆ తాజా సీరాన్నే వేడి చేసి పోసింది. మళ్లీ ముట్టలేదు. కణాలకేం, బాగానే ఉన్నాయి. పొడిని అంటుకుని వాటి నోటికి అందించేదేదో రక్తంలో ఉంది, వేడికి చచ్చిపోయేది. రెండోసారికి అయిపోయింది అదే. మైక్రోస్కోపు ముందు ఆమెకి ఏడుపొచ్చింది. నోటికి అందించేది అయిపోవడమంటే ఏమిటో ఆమెకి బాగా తెలుసు.

దాని మీద పరిశోధన పత్రం ఒక సైన్సు పత్రికకి పెద్దసారు పేరుతో వెళ్లింది. టైపు చేసిందీ ఆమే. చివరి కృతజ్ఞతల్లో కూడా తన పేరు లేదేమని అడిగితే, "పేరుదేముందమ్మా, మనమంతా ఒక కుటుంబం," అన్నారు. కుటుంబమంటే ఏమిటో ఆమెకి తెలియదా!

ఇవాళ పత్రిక నుంచి ఉత్తరం వచ్చింది. మూడో ప్లేటులోని సీరాన్ని ఎంత వేడిలో, ఎంతసేపు ఉంచారు? చెప్పకపోతే పత్రం వెయ్యరట. "ఏంటో చూసి నా పేరుతో జవాబు పంపించెయ్యమ్మా," అని పెద్దసారు గుమ్మంలోంచే చెప్పి మీటింగుకి వెళ్లిపోయారు. అంతలో భర్త ఫోను.

"నా నీలం చొక్కా ఇస్త్రీ చేశావా?"

"లేదు."

ఆ మాట అంత తేలిగ్గా వచ్చినందుకు ఆమే ఆశ్చర్యపోయింది.

యాభై ఆరు డిగ్రీలు, అరగంట. టైపు చేసి, చెరిపేసింది. ఉద్యోగం పోవచ్చు. ఇంట్లో అయితే "నీకెందుకే ఇవన్నీ" అంటారు. అయినా మళ్లీ మొదలుపెట్టింది. ముందు తన పేరు, పుట్టింటి ఇంటిపేరుతో సహా రాసుకుంది. దాని కింద రెండు ముక్కలు రాసి, ఇంకోసారి చదవకుండా పంపేసింది.

"మూడో ప్లేటు సంగతి ఆ ప్రయోగం చేసినవాళ్లకే తెలుసు. చేసింది నేను, మీ దగ్గరున్న పత్రంలో నేను లేను."